చందా మనది, గొంతు ఎవరిది?

ఏలూరునుండి మెట్టదారి పట్టి ఉత్తరముగా పోయినచో, పొగాకు చేలను, ఆయిల్‌పామ్ తోటలను దాటిన పిమ్మట జంగారెడ్డిగూడెము వచ్చును. ఒకవంక గోదావరి డెల్టా, మరొకవంక బుట్టాయగూడెము, పోలవరముల మన్యసీమ. ఈ రెంటి నడుమ నిలిచిన వర్తకపుటూరు అది. పొగాకు వేలమునకు రైతులును, చదువులకు పరిసర గ్రామముల యువతీయువకులును అచటికి చేరుచుందురు. ఆ ఊరి వీధిలో నిలిచి తలయెత్తి చూచినవారికి ముప్పది యేండ్ల చరిత్ర ఒక్క చూపులో కానవచ్చును. స్తంభమునుండి స్తంభమునకు వ్రేలాడుచున్న నల్లని కేబుల్ తీగ. దాని సరసనే ఒక మేడగోడకు బిగించిన చిన్న డిష్షు. ఆ రెంటి క్రిందను, అరుగుమీద కూర్చుండి, రెంటిని మరచి చేతిలోని ఫోనును చూచుకొనుచున్న కుర్రవాడు.

ఆ కుర్రవాని వయస్సువారి కొరకే ఒకప్పుడు ప్రత్యేకముగా టెలివిజన్ ఛానెళ్ళు పుట్టినవి. వారి పేరు చెప్పి ప్రకటనలు అమ్ముడుపోయినవి. వారి ఇండ్లనుండి నెలనెల చందాలు వసూలయినవి. ఆ చందాకు బదులుగా తెలుగు యువజనులకు ముట్టినదేమి? పాట ముట్టినది, ఆట ముట్టినది, తమ మాట ముట్టినదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెనన్నచో, కథను న్యూయార్కు నగరమునుండి మొదలుపెట్టవలసియున్నది.

పుట్టుక

1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎంటీవీ ప్రసారములు ఆరంభమైనవి. ఇరువదినాలుగు గంటలును పాటలే. ఆ పాటలను పరిచయము చేయుటకు నలుగురైదుగురు యువకులు, యువతులు. అంతకుమించి ఆ ఛానెల్‌కు మొదట వేరు సరుకు లేదు. ఆ సరుకునకైనను అది వెల చెల్లించినది బహు స్వల్పము. గ్రామఫోను రికార్డుల కంపెనీలు తమ పాటల ప్రచారమునకై చిన్న చిన్న చిత్రములను తీసి ఊరకనే ఇచ్చుచుండెను. ఊరక వచ్చిన పాటను చూపి యువజనులను కూడగట్టుట, కూడిన యువజనులను ప్రకటనదారులకు చూపుట, కేబుల్ వర్తకులనుండి రుసుము రాబట్టుట: యువజన ఛానెల్ వ్యాపారసూత్రము ఇంతియే. సూత్రము చిన్నదే గాని దాని బలము చిన్నది కాదు.

కేబుల్ వర్తకులు మొదట దానిని తమ తీగలలో ప్రసారము చేయుటకు ఇష్టపడలేదు. అందుపై 1982లో ఆ సంస్థవారు ప్రఖ్యాత గాయకులచేత యువజనులకు ఒక పిలుపు ఇప్పించిరి: మీ కేబుల్ వారికి ఫోను చేసి, మా ఎంటీవీ మాకు కావలెనని అడుగుడు. పిల్లలు అడిగిరి, వర్తకులు లొంగిరి. కొనువాడు తండ్రియైనను కోరువాడు కొడుకేయను కిటుకు ఆనాడే బయటపడినది.

అయితే యువజనుల ఛానెల్ అనునది యువజనులందరి ఛానెల్ కాదనుటయు తొలినాళ్ళలోనే తేలిపోయినది. నల్లజాతి గాయకుల పాటలకు అందులో చోటు మిక్కిలి తక్కువగా నుండెడిది. దానిపై నిరసనలు చెలరేగెను. 1983లో మైకేల్ జాక్సన్ పాటలు ఆ గోడను బ్రద్దలు కొట్టిన పిదపనే పరిస్థితి మారినది. ఎవరి వయస్సు పేరు చెప్పుకొని ఛానెల్ నడుచునో వారందరి గొంతును అందులో వినిపింపవలెనన్న నియమము లేదు. ఈ పాఠము తరువాత మన దేశమునకును వర్తించినది.

మన యాకాశములోనికి

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల గ్రామములకు విద్యాప్రసారములు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. ఆ దినములలో యువజనులకు ప్రత్యేకముగా ఛానెల్ అను ఊహయే లేదు. ఉన్నది ఒక్క ఛానెల్. దానిని తాతయు చూడవలెను, మనుమడును చూడవలెను. శుక్రవారము సాయంకాలపు చిత్రలహరి కొరకు, టెలివిజన్ ఉన్నవారి ఇంటి వరండాలో వీధి వీధియంతయు కూర్చుండిన రోజులు ఏబది దాటిన వారికెల్ల జ్ఞాపకమే.

1991లో హాంకాంగునుండి స్టార్ టీవీ ప్రసారములు ఉపగ్రహము మీదుగా దిగివచ్చెను. అదే యేట ఎంటీవీయు స్టార్ వారి మూటలో ఒకటిగా మన యాకాశములోనికి ప్రవేశించినది. 1993లో స్టార్‌లో అధికభాగమును రూపర్ట్ మర్డాకు కొనెను. మరుసటి యేట ఎంటీవీకిని స్టార్‌కును పొత్తు చెడినది. ఎంటీవీ వెడలిపోగా, ఆ ఖాళీలో స్టార్‌వారు ఛానెల్ వి అనుదానిని నిలిపిరి. 1996లో ఎంటీవీ భారతదేశము కొరకు ప్రత్యేకముగా మరల వచ్చినది. నాటినుండి ఈ రెండును మన దేశపు యువజనుల కొరకు పోటీపడినవి.

ఈ పోటీలో ఇరువురును నేర్చిన పాఠము ఒక్కటే. ఆంగ్లగీతములను మాత్రము చూపినచో పెద్ద నగరములలోని కొద్ది ఇండ్లకు మించి పోలేము. హిందీ సినిమాపాట లేనిదే దేశము లొంగదు. అందుచేత పాట హిందీ అయినది. పరిచయవాక్యము సగము ఇంగ్లీషు, సగము హిందీ అయినది. దక్షిణదేశము ఆ తెరమీద కనబడలేదని చెప్పరాదు. కనబడినది గాని, కనబడిన తీరే విచారింపదగినది.

1994లో ఛానెల్ వి తన ప్రచారము కొరకు క్విక్ గన్ మురుగన్ అను హాస్యపాత్రను కల్పించినది. కౌబాయ్ వేషము ధరించి, దక్షిణాది యాసతో ఇంగ్లీషు పలుకుచు తిరుగు శాకాహారి వీరుడతడు. ఆ పాత్రకు ప్రజాదరణ లభించి, 2009లో శశాంక ఘోష్ దర్శకత్వమున పూర్తి చలనచిత్రముగా వెలువడినది. అందు మురుగన్ వేషము ధరించినవాడు మన రాజేంద్రప్రసాద్. అతనికి ఎదురు నిలిచిన ప్రతినాయకుని పేరు రైస్ ప్లేట్ రెడ్డి. రాజేంద్రప్రసాద్ నటనకు వచ్చిన మెప్పు న్యాయమైనదే. హాస్యమును హాస్యముగా స్వీకరింపలేని జాతియును కాదు మనది. కాని దేశమంతటి యువజనుల కొరకని చెప్పుకొన్న ఛానెల్‌లో దక్షిణాదివాడు చిరకాలము గుర్తుండిపోయిన రూపము అతని యాసను చూచి నవ్వుకొను రూపమే అయినది. ఆ నవ్వునకు చందా కట్టినవారిలో జంగారెడ్డిగూడెము వారును ఉన్నారు.

తీగ, పెట్టె, గంపగుత్త

ఆ చందా కథయు కొంత తెలిసికొనదగినది. ఆరంభమున కేబుల్ వ్యాపారము ఎవరి అనుమతియు లేకుండ పెరిగినది. ఊరిలో ఒకడు డిష్షు నెలకొల్పి, స్తంభములమీదుగా తీగలు లాగి, ఇంటింటికి నెలకు కొంత సొమ్ము వసూలు చేయుచుండెను. 1995లో కేబుల్ టెలివిజన్ చట్టము వచ్చినది. అదే యేట ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశతరంగములు ప్రజల ఆస్తియని తీర్పు చెప్పినది. తరంగము ప్రజలదైనను, అందుపై వచ్చు బొమ్మకు వెల కట్టువారు ఛానెళ్ళ యజమానులు. వారు తమ ప్రసారమును మరుగుపరచి, దానిని విప్పు పెట్టెను కేబుల్ వర్తకునికి ఇచ్చి, ఇండ్ల లెక్కన సొమ్ము పుచ్చుకొనసాగిరి. పే ఛానెల్ అనగా ఇదియే.

పాత తీగలో ఎన్ని ఇండ్లు ఉన్నవో తెలియు మార్గము లేదు. వర్తకుడు చెప్పినదే లెక్క. ఆ లెక్కను యజమాని నమ్మడు. బేరము కుదిరినంత కుదురును. అందుచేత ఛానెళ్ళను ఒక్కొక్కటిగా గాక గంపగుత్తగా అమ్ముట అలవాటైనది. సీరియళ్ళ ఛానెల్ కావలెనన్న ఇల్లాలికి, క్రికెట్టు కావలెనన్న ఇంటి యజమానికి, ఆ గంపలోనే యువజన ఛానెల్ కూడ దొర్లి వచ్చెడిది. దానిని విడిగా కోరి కొన్న ఇల్లు అరుదు. ఎవరును విడిగా కొనని వస్తువునకు కొనువాని యిష్టాయిష్టములతో పని యేమి?

2011లో చట్టమును సవరించి, కేబుల్‌ను డిజిటల్ పద్ధతికి మార్చవలెనని నిర్ణయించిరి. ఆ మార్పు నాలుగు దశలలో జరిగినది. చిన్న పట్టణములు, గ్రామములు ఉన్న కడపటి దశకు గడువు 2017 మార్చి 31. 2019 ఫిబ్రవరి 1నుండి ట్రాయ్ వారి క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. నాటి ఆ నిబంధనలలో నూరు ఛానెళ్ళ వరకు 130 రూపాయలు, పన్ను అదనము; ఆపైన పే ఛానెల్ ప్రతిదానికి వెల ప్రకటింపవలెను; గంపలో చేర్చు ఛానెల్ విడివెల 19 రూపాయలు మించరాదు. ఏ ఛానెల్‌కు తాను ఎంత కట్టుచున్నాడో ప్రేక్షకునికి తెలిసినది అప్పుడే. జాబితా చేతికి వచ్చిన ఇంటిలో ముందుగా టిక్కు పడునది కుటుంబ వినోదమునకు, పిమ్మట క్రికెట్టునకు. కుర్రవాని ఛానెల్ వంతు వచ్చుసరికి, వానికి ఫోను ఉన్నది గదాయను మాట ఇంటిలో సిద్ధముగా నుండెను.

తెలుగువారి పాలు

ఇక తెలుగు ఛానెళ్ళ మాట. 1995లోనే ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ వెలసెను. 2002లో మా టీవీ వచ్చినది. కాలక్రమమున పాటలకే ప్రత్యేకించి జెమిని మ్యూజిక్, మా మ్యూజిక్ వంటి ఛానెళ్ళు ఏర్పడినవి. అంతకుముందే చెన్నపట్టణమునుండి ఎస్‌ఎస్ మ్యూజిక్ అను ఛానెల్ నాలుగు దక్షిణభాషల పాటలను ఒక్కచోట చూపెను. ఆ పాటలను కలిపి కుట్టిన దారము మాత్రము ఇంగ్లీషు.

ఈ ఛానెళ్ళను నిందించుట సులభము; వాటి కారణములను గ్రహించుట మేలు. తెలుగు సినిమా ఏటేట పాటల పంటను ధారాళముగా పండించును. ఆ పాటకు ప్రచారము కావలసినది నిర్మాతకే. అందుచేత పాట చవుక. ఎదురుగ నలుగురు విద్యార్థులను కూర్చుండబెట్టి చదువుగూర్చి, ఉద్యోగముగూర్చి, ప్రేమగూర్చి, కులముగూర్చి మాటలాడించుట ఖర్చుతో కూడిన పని. పైపెచ్చు ప్రమాదముతో కూడినది. చవుకగా లభించు పాట ఉండగా మాటకై డబ్బు వెచ్చించువాడెవడు? ప్రకటనదారుల కార్యాలయములు ముంబయిలోను, బెంగుళూరులోను ఉన్నవి. వారి దృష్టిలో యువకుడనగా హిందీయో ఇంగ్లీషో వచ్చిన నగరవాసి. 2011 జనాభా లెక్కలలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది ఉండియు, వారి యువజనుల మాటకు ఒక ఛానెల్ నిలువలేదు.

నిలువజాలదని మాత్రము అనరాదు. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనది. పోటీకి వచ్చినవారు పిల్లలు, యువకులు. న్యాయనిర్ణేతగా కూర్చుండిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము మార్కులు వేసి ఊరకుండలేదు. ఒత్తక్షరము జారినచో దిద్దెను. శకారమును సకారము చేసినచో నవ్వుచునే మందలించెను. పాట వ్రాసిన కవి భావమును విప్పి చెప్పెను. ఉష, గోపికాపూర్ణిమ, మల్లికార్జున్, కారుణ్య వంటి గాయనీగాయకులు ఆ వేదికనుండి వచ్చినవారే. 2020 సెప్టెంబరు 25న ఆయన కన్నుమూసిన తరువాత కుమారుడు చరణ్ ఆ బాధ్యతను స్వీకరించెను. యువజనులు తేలికదానినే కోరుదురను వాదమునకు ఈ కార్యక్రమమే జవాబు. ఉచ్చారణ దిద్దించుకొనుటకు ఊరూరినుండి పిల్లలు వరుసలు కట్టి వచ్చిరి. ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచిరి.

ఆ వేదిక ఎక్కిన స్మిత, పిమ్మట సినిమాతో సంబంధము లేకుండ తెలుగులో పాప్ గీతముల సంపుటములు వెలువరించినది. 2000లో వచ్చిన హాయ్ రబ్బా అట్టిది. సినిమాకు వెలుపల తెలుగు యువగీతము ఉండగలదని ఆమె చూపినది. అట్టి గీతములకు నిత్యము ఆలంబముగా నిలువగల యువజన ఛానెల్ తెలుగులో ఉండియున్నచో, ఆమె వెనుక మరి పదిమంది నడచియుందురు. ఆ ఆలంబము కొరకు మనవారు హిందీ వేదికల నెక్కిరి. 2006లో కారుణ్య ఇండియన్ ఐడల్ పోటీలో రెండవవాడై నిలిచెను. 2010లో అద్దంకి బిడ్డ శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ విజేతలైరి. తెలుగునాట ఊరూర వారి గెలుపును పండుగగా చేసికొనిరి. గర్వింపదగిన గెలుపే, కాని పాడినది ఎక్కువగ హిందీపాట.

2015లో ఈటీవీవారు నాలుగు క్రొత్త ఛానెళ్ళను ఆరంభించినప్పుడు, అందులో ఈటీవీ ప్లస్ కొంత యువజనుల వైపు మొగ్గినది. పటాస్ అను కార్యక్రమమున కళాశాల విద్యార్థులను రప్పించి వారిచేత హాస్యము పలికించిరి. విద్యార్థికి మైకు చేతికి వచ్చుట విశేషమే. అయితే నవ్వించుటకు మాత్రమే వచ్చినది. కళాశాలలో చదువు పూర్తియైన వెంటనే ఉద్యోగమునకై హైదరాబాదు పోవలెనా, ఊరిలో తండ్రి పొగాకు బ్యారన్ బాధ్యత వహింపవలెనా యను సందేహము ఈ మెట్టసీమ పిల్లవానికి నిత్యము ఉన్నదే. ఆ మాటను ఆ మైకు అడుగలేదు.

చేతిలోని తెర

2016 డిసెంబరు 29న కోనసీమలోని మోరి గ్రామమున ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సేవలు ఆరంభమైనవి. ఇంటర్నెట్టు, ఫోను, టెలివిజన్ మూడును ఒకే తీగలో, ఆరంభమున నెలకు 149 రూపాయలకు ఇచ్చిరి. అంతకు కొలది మాసముల ముందు, సెప్టెంబరులో, జియో వచ్చినది. ఫోనులో చూచుటకు డబ్బు లెక్క చూచుకొనవలసిన అవసరము పోయినది. ఇంటిలోని ఒక్క టెలివిజన్ కొరకు, ఒక్క రిమోటు కొరకు జరుగు పోరు అంతటితో ముగిసినది. ఎవరి తెర వారి చేతిలోనికి వచ్చినది.

ఆ తెర యువజన ఛానెళ్ళను క్రుంగదీసినది. ఛానెల్ వి 2012లో పాటలు మాని యువజన నాటికలను పట్టినది. 2016లో నాటికలు మాని మరల పాటలను పట్టినది. 2018లో భారతదేశమున మూతపడినది. 2024 నవంబరులో స్టార్ సంస్థయు, ఎంటీవీని నడుపుచున్న వయాకామ్18 సంస్థయు కలిసి జియోస్టార్ అయినవి. 1994లో వేరుపడిన రెండు పాయలు ముప్పదియేండ్లకు ఒకే యజమాని చేతికి వచ్చినవి; స్టార్ చేతిలోనున్న మా మ్యూజిక్ కూడ ఆ గూటికే చేరినది. 2025 డిసెంబరు 31న బ్రిటనులో ఎంటీవీ వారి ఐదు సంగీత ఛానెళ్ళు నిలిచిపోయినవి.

మరి ఆ చేతిలోని తెరమీద ఏమి జరిగినది? నేటి జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి యువకులు 2012లో మై విలేజ్ షో అను యూట్యూబు ఛానెల్‌ను మొదలుపెట్టిరి. ఊరి ముచ్చట, ఊరి పండుగ, ఊరి భాష. ఇవియే వారి సరుకు. ఆ ఊరి గంగవ్వ అందు నటించి తెలుగునాట ఇంటింట పరిచితురాలైనది. 2020లో స్టార్ మా వారు ఆమెను బిగ్‌బాస్‌లోనికి పిలిచిరి. ఇది గమనింపదగిన విశేషము. ముప్పదియేండ్లు చందా తీసికొనియు పల్లెగొంతును వినిపింపని వ్యవస్థ, ఆ గొంతు చందా లేని తెరమీద పెరిగిన పిదప దానిని ఎరువు తెచ్చుకొన్నది. తెలుగునకే ప్రత్యేకించి 2020లో వెలసిన ఆహా మరల చందా పద్ధతినే అనుసరించి, 2022లో తెలుగు పాటతోనే ఇండియన్ ఐడల్ పోటీ నడిపినది. హిందీ వేదికకు పోవలసిన పిల్లకు తన భాషలో వేదిక వచ్చుటకు ఇన్నియేండ్లు పట్టినది.

కావున ఆ ప్రశ్నకు సమాధానము కొంత దొరికినట్లే. చందా వలన గొంతు రాలేదు. పనిముట్టు చేతికి చిక్కినప్పుడు వచ్చినది. అయినను సంతోషించి ఊరకుండుటకు వీలులేదు. ఫోనులోని తెరకు చందా లేకపోయినను వెల లేకపోలేదు. ఏది ఎవరికి చూపవలెనో నిర్ణయించు యంత్రమునకు తెలుగుమీద మమకారము లేదు. ఒత్తక్షరము జారినచో దిద్దు బాలసుబ్రహ్మణ్యము అందు లేడు. ఛానెల్ నడిపినవారిని నిలదీయుటకు ఒక కార్యాలయమైన ఉండెడిది. ఇప్పుడు నిలదీయవలసినది ఎవరినో కుర్రవానికి తెలియదు.

ఆ దిద్దుపని ఇక కళాశాలల మీదను, గ్రంథాలయముల మీదను, ఊరిలోని సాహిత్యసంఘముల మీదను పడినది. యువజనుల భాష చెడినదని సభలలో వాపోవుట కంటె, వారు తీసిన ఐదు నిముషముల చిత్రమును తరగతిలో చూచి, అందు మాట ఎక్కడ సహజముగ నున్నదో, ఎక్కడ ఎరువుగ నున్నదో వారితోనే చర్చించుట ప్రయోజనకరము. పాట చవుకగా వచ్చు దేశములో మాటకు విలువ కట్టుట నేర్పవలెను.

జంగారెడ్డిగూడెము అరుగుమీది కుర్రవాడు ఇంకను ఫోను చూచుచునే యున్నాడు. తలపైనున్న తీగలో నేటికిని పాట ప్రవహించుచునే యున్నది. వాని ఊరి సంత, వాని తండ్రి పొగాకు వేలము, మన్యమునుండి వచ్చి వానితో చదువుకొను కోయ మిత్రుని మాట, ఇవన్నియు ఏ ఛానెల్ వారును చందాకు బదులుగా వానికి ఇవ్వలేదు. వాని చేతిలో ఇప్పుడు కెమెరా ఉన్నది. దానిని అటు త్రిప్పుమని చెప్పువారు ఎవరైన వాని ప్రక్కన కూర్చుండవలెను.